చుట్టాల కోసం దాచిన మైదానం

రెల్లుబయలు అడవిలో అందరికీ ఫుట్‌బాల్ పిచ్చి. వాగుకు ఇవతల చదునైన పచ్చిక ఒకటి ఉండేది. ఎండ తగ్గితే చాలు, పెద్దా చిన్నా అంతా అక్కడ చేరేవి. గిజిగాళ్లు కొబ్బరిపీచుతో అల్లిన బంతి, రెండు వైపులా వెదురు బొంగులు. గోలు దగ్గర గాడిద, ముందు వరసలో గేదె. బంతి ఎటు పోయిందో గట్టు మీద నుంచి అరిచి చెప్పడానికి కోడిపుంజు.

ఈ పిచ్చివాళ్లందరిలోకీ పెద్ద పిచ్చివాడు తాబేలు సన్యాసప్ప తాత. ఆయన ఎన్నడూ ఆడింది లేదు. ఆయన కాలు లేపి బంతిని తన్నేలోపు ఆ బంతి మైదానమంతా తిరిగి మళ్లీ ఆయన ముందుకే వచ్చేది. చూడటమే ఆయన ఆట. ఆయనకు ఉన్నది ఒకటే కోరిక. కన్ను మూసేలోపు ఏడడవుల కప్పు ఫైనల్ ఒక్కటి కళ్లారా చూడాలి.

ఏడడవుల కప్పు అంటే చుట్టుపక్కల ఏడు అడవుల జట్లూ వేసవిలో ఒకచోట చేరి ఆడే పోటీ. ఒక్కోసారి ఒక్కో అడవిలో పెడతారు. ఎక్కడ పెడుతున్నారో కాకి వచ్చి చెప్పేసరికి ఆటలు మొదలయ్యే వేళ అయ్యేది. మిగతావాళ్లు ఒక్క పరుగున వెళ్లి చూసి వచ్చేవాళ్లు. తాత కాళ్లకు పరుగు తెలియదు కదా! తాటితోపులో పెట్టినప్పుడు ఆయన చేరేసరికి ఒక అడవిపంది గోలు బొంగులు పీకి భుజాన వేసుకుని పోతోంది. "బాగా జరిగింది తాతా!" అని పలకరించింది కూడా. అంతకుముందు చింతలకోనలో పెట్టినప్పుడైతే ఆయన వెళ్లేసరికి మైదానంలో మళ్లీ గడ్డి మొలిచింది.

అందుకే ఆ ఏడు తొలకరిలో నక్క అందర్నీ కూడేసి, "వచ్చే వేసవికి పోటీలు మన రెల్లుబయలులో పెట్టమని అడుగుదాం" అన్నప్పుడు తాత తల డిప్పలోంచి పూర్తిగా బయటికొచ్చింది. ఆ మెడ అంత పొడుగని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"ఇస్తారంటావా బావా?" అంది గేదె.

"ఊరికే ఇస్తారా వదినా? పోటీలు నడిపే పెద్దకొంగలు వచ్చి మైదానం చూస్తాయి. మనది ఎలా ఉంది? ఎక్కడ చూసినా గిట్టల గుంటలు. గోలు ముందైతే బోడిగుండు. చెప్పుకోవడానికి సిగ్గుగా లేదూ?"

ఆ బోడిగుండు చేసింది తన గిట్టలే కాబట్టి గాడిద తల దించుకుంది.

"అయితే ఏం చేద్దామంటావు?" అని అడిగాడు తాత.

"ఆట ఆపేద్దాం తాతా. చుట్టూ ముళ్లకంప కొడదాం. ఒక్కరూ అడుగు పెట్టకూడదు. ఈ వానలకి గడ్డి నిగనిగలాడుతూ లేస్తుంది. చుట్టాలొస్తే పరిచే కొత్త దుప్పటి మనం రోజూ కప్పుకుంటామా చెప్పు?"

ఈ మాట అందరికీ సూటిగా తగిలింది. రెల్లుబయలు వాళ్ల తీరే అంత. కోడిపుంజు ఇంట్లో మెత్తటి దూది పరుపు ఉంది. అది చుట్టాలకి. పుంజు పడుకునేది పుల్లల మీద. గేదె దగ్గర నున్నటి రాతి తొట్టి ఉంది. అదీ చుట్టాలకే. గేదె నీళ్లు తాగేది వాగులో. ఆ చుట్టాలు ఎవరో, ఎప్పుడొస్తారో ఎవరూ అడగలేదు. మంచిది దాచుకోవాలి, అంతే.

"కాపలా ఎవరు కాస్తారు?" అంది గాడిద.

నక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇంకెవరు? నేనే. ఊరి కోసం ఆ మాత్రం చేయలేనా?"

కంప కొట్టారు. వానలు పడ్డాయి. గడ్డి లేచింది. ఆ ఏపు చూసి ఎక్కడెక్కడి పూరేడు పిట్టలూ వచ్చి అందులో కాపురాలు పెట్టాయి. సాయంత్రమైతే అలవాటు కొద్దీ అందరూ కంప బయట చేరి లోపలికి చూస్తూ కూర్చునేవాళ్లు. కోడిపుంజుకు నోరు ఊరుకోదు.

"గడ్డి... కదులుతోంది! గాలి... ఎడమ వైపు నుంచి వస్తోంది!" అని గట్టు మీద నుంచి గొంతు చించుకునేది.

వానాకాలం గడిచేకొద్దీ నక్క బుగ్గలు నిండాయి, పొట్ట వేలాడింది. "కాపలా కాసీ కాసీ బావకి ఒంటికి నీరు పట్టేసింది పాపం" అని గేదె జాలిపడింది.

వానలు వెనకబట్టాక కొంగలు దిగాయి. మామిడాకుల తోరణం కట్టారు. నెమలి చేత నాట్యం చేయించారు. నక్క ముందు నడిచి కంప తీసి, "చూడండి! పట్టు పరిచినట్టు లేదూ?" అంది.

పెద్దకొంగ లోపలికి ఒక అడుగు వేసింది. దాని పొడుగు కాళ్లు మొత్తం మునిగిపోయి, పొట్ట గడ్డి మీద తేలింది.

"మైదానం బాగానే ఉంది. ఏదీ, ఒక ఆట ఆడి చూపించండి."

నక్క ముఖం పాలిపోయింది. "ఇప్పుడా? గడ్డి పాడవుతుందేమో..."

"ఆడందే ఎలా తెలుస్తుంది?"

ఇక తప్పలేదు. జట్లు దిగాయి. గాడిద ఎంత వెతికినా దానికి గోలు దొరకలేదు. ఒక తీగ పాకి వెదురు బొంగుల్ని మింగేసింది. గేదె బంతిని ఒక్క తన్ను తన్నింది. అది గడ్డిలో పడింది. అంతే, మళ్లీ కనిపించలేదు. దాన్ని వెతకడానికి వెళ్లిన కుందేలు కూడా కనిపించలేదు. కొంచెంసేపు వెతికి గేదె విసిగిపోయింది. నోటికందుతున్న లేత గడ్డిని ఎన్నాళ్లని చూస్తూ ఊరుకుంటుంది? తలదించి మేయడం మొదలుపెట్టింది.

"బంతి గేదె దగ్గరుంది! లేదు... గేదె దగ్గర గడ్డి ఉంది! గేదె దూసుకుపోతోంది! లేదు... నములుతోంది!" అని కోడిపుంజు ఒకటే గోల.

కొంగలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. పెద్దకొంగ గట్టు పక్కన కూర్చున్న తాతను అడిగింది. "పెద్దాయనా, ఇక్కడ మీరు రోజూ ఆడతారని చెప్పారే. ఆడి ఎన్నాళ్లయింది?"

తాతకు అబద్ధం చేతకాదు. పైగా ఇది గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతి అనుకున్నాడు. "తొలకరి నుంచీ ఒక్క ఆట కూడా ఆడలేదండీ. అంతా మీకోసమే దాచాం!"

కొంగ నవ్వలేదు, కోప్పడలేదు. "ఆడని చోట ఆటలు పెట్టలేం తాతా" అంది. "గుండ్లకొండ మేకలది రాళ్ల నేల. కానీ మేం వెళ్లినప్పుడు ఆడుతూనే ఉన్నాయి. మమ్మల్ని పక్కకి జరగమన్నాయి కూడా. పోటీలు అక్కడే." కొంగలు రెక్కలు విప్పి ఎగిరిపోయాయి.

మర్నాడు పొద్దున్నే రెల్లుబయలులో సభ. ఇంత అన్యాయం ఎలా జరిగిందో తేల్చాలి.

"మేకలు కొంగలకి చేపల విందు పెట్టుంటాయి!" అంది కోడిపుంజు.

"కొండ మీద చేపలెక్కడివిరా?" అంది గాడిద.

"అదే కదా అనుమానం! ఎక్కణ్ణుంచి తెచ్చాయి?"

"ఆ కొంగల జాతి నా వీపు మీద కూర్చుని ఎన్ని పురుగులు తినలేదు! కాస్తయినా విశ్వాసం ఉండొద్దూ?" అని గేదె ముక్కు చీదింది.

"అసలు మనకి ఆ పోటీలు ఎందుకంట? జనం, దుమ్ము, గోల. రాకపోవడమే మంచిదైంది" అంటూనే గాడిద ఏడ్చేసింది.

ఎవరైనా లేచి, ఆట ఆపేయమని చెప్పింది ఎవరని అడుగుతారేమోనని నక్కకు లోపల గుబులు. అందుకే గొంతు సవరించుకుని ముందే అందుకుంది. "అందరూ సవ్యంగానే చేశారు. చెడగొట్టింది ఒక్క మాట. ఆడలేదని చెప్పింది ఎవరు?"

అందరి కళ్లూ తాత మీద పడ్డాయి.

తాత డిప్పలోకి తల ముడుచుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు. ఈ పోటీలు ఇక్కడ జరగాలని తనకంటే ఎక్కువ కోరుకున్నవాళ్లు ఎవరు? తన నోటితో తనే పోగొట్టుకున్నాడా? ఆ చీకట్లో కూర్చుని చాలాసేపు బాధపడ్డాడు. బాధపడుతుండగానే ఒక ఆలోచన తట్టింది. పోటీలు ఎక్కడ పెడతారో ఎప్పుడూ ఆఖరి నిమిషంలో కదా తెలిసేది! ఈసారి అడగబట్టి, ఓడిపోబట్టి, ఇంత ముందే తెలిసింది. పోటీలు గుండ్లకొండలో, వేసవిలో. ఇప్పుడింకా చలి కూడా మొదలవలేదు.

తాత తల బయటపెట్టాడు. "నేను కొంచెం అలా వెళ్లొస్తాను" అన్నాడు.

"వెళ్లు, వెళ్లు. నీ సంగతి తర్వాత తేలుస్తాం" అంది నక్క. "ఇక రెండో విషయం. వచ్చేసారికి ఏం చేయాలి? ఈసారి గడ్డి చాలలేదని నా అభిప్రాయం. ఇంకా ఎత్తు పెంచాలి. కంప అలాగే ఉండాలి. కాపలా ఎలాగూ నేనున్నాను."

ఈ సంగతి మీద చర్చ మొదలైంది. తాత సభలోంచి బయటపడేసరికే పొద్దు నడినెత్తికొచ్చింది. ఆయన వెళ్లిపోతున్నాడని ఎవరికీ అనిపించలేదు. ఎప్పుడు చూసినా అక్కడే ఉన్నట్టుండేవాడు మరి.

వాగు దాటాడు, చేలు దాటాడు. చలికాలం వచ్చి పోయింది. కొండ ఎక్కుతుంటే రెండడుగులు పైకి, ఒక అడుగు కిందికి జారేవాడు. ఒక్కోచోట అలసిపోయి, చాల్లే, ఈ జన్మకి ఇంతే అనుకునేవాడు. మళ్లీ ఆ అడవిపంది భుజాన బొంగులు గుర్తొచ్చి కాలు కదిపేవాడు.

కొండ మీదికి చేరేసరికి మేకలు ఇంకా గోలు బొంగులు పాతుతున్నాయి. తాత ఆ బొంగుల్ని చూస్తూ నిలబడిపోయాడు. బొంగుల్ని పీకుతుంటే చూశాడు గానీ పాతుతుంటే చూడటం ఆయనకు అదే మొదటిసారి.

"ఎక్కణ్ణుంచి తాతా?" అంది ఒక ముసలి మేక.

"రెల్లుబయలు నుంచమ్మా."

"అయ్యో, మీవాళ్ల కోసం ముందు వరసంతా ఖాళీగా ఉంచాం. మిగతావాళ్లేరీ?"

"సభలో ఉన్నారు" అన్నాడు తాత. ఇంకేం చెబుతాడు?

అన్ని ఆటలూ చూశాడు. ఖాళీగా ఉన్న ముందు వరస మొత్తం ఆయన ఒక్కడిదే. రాళ్ల నేల, బంతి ఎటు తన్నితే ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. అప్పుడప్పుడు కొండ కిందికి దొర్లిపోతే రెండు జట్లూ కలిసి తెచ్చుకునేవి. ఫైనల్లో చివరి గోలు పడినప్పుడు మేకలన్నీ గంతులేశాయి. తాత గంతెయ్యలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే అలాగే కూర్చున్నాడు. ఇంత సంతోషాన్ని ఎలా పట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. ఇంత దూరం నడిచొచ్చాడని మేకలు ఆ ఫైనల్ బంతినే ఆయనకు ఇచ్చేశాయి.

దాన్ని ముక్కుతో దొర్లించుకుంటూ తాత రెల్లుబయలుకు తిరిగొచ్చాడు. సభ ఇంకా నడుస్తోంది.

"ఎక్కడికి పోయావు తాతా? నీ విషయమే వచ్చింది" అంది నక్క. అది ఇంకా లావెక్కింది.

"ఫైనల్ చూడ్డానికి."

"ఏ ఫైనల్?" అంది కోడిపుంజు.

"ఏడడవుల కప్పుది. అయిపోయింది. బాగా జరిగింది."

 పోటీలు తమకెందుకు రాలేదో తేల్చే హడావుడిలో పోటీలు వచ్చి వెళ్లిపోయాయని సభకు అప్పుడే తెలిసింది. గేదె అలాగే నోరు తెరిచి నిలబడింది. అంతలో తాత తెచ్చిన బంతి మెల్లగా దొర్లుకుంటూ వచ్చి దాని గిట్టల ముందు ఆగింది.

"ముట్టుకోకు వదినా! దీని మీద కూడా చర్చ జరగాలి" అని నక్క అరిచింది.

గేదె చర్చించలేదు, తన్నింది. బంతి కంప మీదుగా వెళ్లి మైదానంలో పడింది. గాడిద కంపను ఒక్క గుద్దు గుద్ది లోపలికి దూకింది. దాని వెనక అందరూ దూకారు. ఇన్నాళ్లు ఆపుకున్న కాళ్లు కదా, గడ్డి నిమిషాల్లో నేలమట్టమైంది. నక్క "గడ్డి! గడ్డి!" అని మొత్తుకుంటూ వాళ్ల వెనక పరుగెత్తింది.

నడిమైదానంలో గాడిద కాలు మెత్తగా దిగబడింది. కింద చూస్తే ఈకల గుట్ట. అన్నీ పూరేడు పిట్టలవే. పక్కనే నక్క పడక. ఒంటికి పట్టిన నీరు ఎక్కడిదో గేదెకు అప్పుడర్థమైంది. అంతా నెమ్మదిగా నక్క వైపు తిరిగారు.

"మీకు నేను వివరంగా చెబుతాను, సభ పెడదాం" అంటూ నక్క వెనక్కి వెనక్కి జరిగింది. గాడిదకు వివరాలు వినే ఓపిక అయిపోయింది. వెనక్కి తిరిగి రెండు కాళ్లూ కలిపి ఒక్కటిచ్చింది. పొట్ట బరువు వల్ల నక్క పైకి ఎగరలేదు గానీ, గడ్డి మీద జారుకుంటూ తీగ అల్లుకున్న వెదురు బొంగుల మధ్య నుంచి అవతలికి పోయి పడింది.

"గో...ల్!" అని కోడిపుంజు అరుపు గుండ్లకొండ దాకా వినిపించింది. నక్క మళ్లీ ఆ చుట్టుపక్కల కనిపించలేదు.

తాత సభాస్థలం నుంచి మైదానం చేరేసరికి ఆట అయిపోయింది. అందరూ రొప్పుతూ ఇళ్లకు పోతున్నారు.

"బాగా జరిగింది తాతా!" అంది గేదె.

"రేపు కూడా ఆడతారా?"

"రోజూ ఆడతాం."

"అయితే ఇక ఎక్కడికీ పోను" అని తాత గట్టు పక్కనే కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు.

నీతి: చుట్టాల కోసం దాచిన ఆట చుట్టాలకీ దక్కదు, ఇంట్లోవాళ్లకీ దక్కదు, తిని లావెక్కేది కాపలావాడే.