వేగం తగ్గిన బౌలర్

“వేగం పోయాక ఫాస్ట్ బౌలర్‌కి ఇంకేం మిగులుతుంది మాస్టారూ?”

ఈ మాట అడిగినవాడు కరీముల్లా. తొమ్మిదేళ్లు రంజీ జట్టుకి కొత్తబంతి వేసినవాడు. భుజానికి ఆపరేషన్ అయ్యాక చెయ్యి బాగానే తిరుగుతోంది కానీ బంతిలో మునుపటి జోరు లేదు. సెలెక్టర్లు ఫోన్ ఎత్తడం మానేశారు. ముప్పై మూడేళ్ల వయసులో, ఇక ఆట వదిలేద్దామన్న నిర్ణయంతో, తనకి తొలిసారి బంతి పట్టించిన పెంటయ్య మాస్టారిని వెతుక్కుంటూ విజయనగరం వచ్చాడు.

మాస్టారు వాదించలేదు, ఓదార్చలేదు. “రేపు లీగ్ ఫైనల్. మనకో బౌలర్ తక్కువ. వచ్చి ఆడు,” అన్నారు.

మర్నాడు అవతలి జట్టు బ్యాటింగ్‌లో, బంతి కనబడితే బాదడమే తెలిసిన సన్యాసినాయుడు ఉన్నాడు. మొదటి ఓవర్లోనే కరీముల్లా బంతిని నాలుగుసార్లు బౌండరీ దాటించాడు. జనం ఈలలు వేశారు. కెప్టెన్ బంతి వెనక్కి అడగబోతే, మాస్టారు గీత అవతలి నుంచి “వెయ్యనీ!” అని కేకేశారు.

మళ్లీ బంతి తీసుకుని వెనక్కి నడుస్తూ కరీముల్లా ఆగాడు. ఇన్నేళ్లలో అతను బ్యాట్స్‌మన్‌ని తీరిగ్గా చూసింది లేదు. అవసరమూ పడలేదు. వాళ్లు కదిలేలోపే వికెట్లు ఎగిరిపోయేవి. ఇప్పుడు రెండు బంతులు వేస్తూ చూశాడు. బంతి తన చేతిలోంచి వెలువడకముందే నాయుడి ఎడమకాలు ముందుకొచ్చేస్తోంది. కొట్టెయ్యాలన్న ఆత్రం భుజాల్లో తెలిసిపోతోంది.

కరీముల్లాకి నవ్వొచ్చింది. ఎప్పటిలాగే పరుగెత్తుకొచ్చాడు, అదే ఊపుతో చెయ్యి తిప్పాడు. బంతిని మాత్రం అరచేతిలోకి లోతుగా పట్టి వదిలాడు. నాయుడి బ్యాటు గాలిని చీల్చుకుంటూ వెళ్లిపోయింది. ఆ తరవాత బంతి నింపాదిగా వచ్చి బెయిల్ పడగొట్టింది.

“ఏటి భాయ్, ఇంతసేపూ ఎక్కడ దాచీసావు దీన్ని!” అంటూ నాయుడే పగలబడి నవ్వాడు.

సాయంత్రానికి కరీముల్లా ఐదు వికెట్లు తీశాడు. కప్పు మాస్టారి జట్టుకే వచ్చింది. ఆట వదిలేసే మాట అతనికి మళ్లీ గుర్తు రాలేదు. సెలెక్టర్లు మళ్లీ పిలిచారు, మరో ఆరేళ్లు రంజీ ఆడాడు.

ఆ రోజు మాత్రం, స్టంపులు పీకుతున్న మాస్టారి దగ్గరికి వెళ్లి నిష్ఠూరంగా అడిగాడు.

“బ్యాట్స్‌మన్‌ని చూడమని నాకు చిన్నప్పుడే ఎందుకు చెప్పలేదు మాస్టారూ?”

మాస్టారు స్టంపుకి అంటిన మట్టి దులిపారు.

“చెప్పాన్రా. అప్పుడు నువ్వు మరీ వేగంగా ఉండేవాడివి.”