వాకిటి తొలినీటి వ్రత కథ

పూర్వమొకప్పుడు గోదావరీ తీరమున శీకర మహర్షి స్నానమాడి జడలు పిండుకొనుచుండగా, దధ్యాశనుడను ముని చేరవచ్చి నమస్కరించెను. భక్తితో, ప్రేమతో నీరు పట్టి ఇచ్చిన ఇంటనే పసిపిల్లలు చిక్కిపోవుటకు కారణమేమి, దానికి వ్రతమేదైనను కలదా అని అడిగెను. మహర్షి సంతసించి ఇట్లు చెప్పదొడగెను. అందరును అక్షతలు చేత బట్టుకొని వినుడు. ఓసీ బుజ్జీ, ఆ పులిహోర వైపు చూపులు మాని నువ్వు కూడా విను!

పాతపేట యను పట్టణమున, పూర్వులు కట్టిన మండువా ఇంట, పేరిందేవి యను వృద్ధురాలు కొడుకుతోను, కోడలు కనకవల్లితోను, నాలుగేండ్ల మనుమరాలు మాణిక్యముతోను కాపురముండెను. ఆ ఇంటి కుళాయి గొట్టమును కీర్తిశేషుడైన ఆమె భర్త వేయించెను. "ఏటి నుంచి బిందెలు మోసి మోసి నీ నడుం విరిగిపోతోందే పేరిందీ" అని జాలిపడి, తాను ఎండలో నిలబడి వేయించిన గొట్టమది. అందుచేత ఆమె శుక్రవారము శుక్రవారము దానికి పసుపు రాసి బొట్టు పెట్టెడిది.

ఆ తెలివితక్కువ ముసలిదానికి ఒక నియమము కలదు. రాత్రియంతయు గొట్టములో ఎవ్వరును ముట్టక నిలిచిన తొలినీరే మిక్కిలి పవిత్రమని తలచి, తెల్లవారగానే పట్టి, ఒక చెంబు దేవుని అభిషేకమునకును, ఒక గ్లాసు మనుమరాలికిని ఇచ్చి, కడపటి నీటితో వాకిట కళ్ళాపి చల్లెడిది.

కొన్నాళ్ళకు మాణిక్యము అన్నము వద్దనెను. కడుపు నొప్పి యని ముడుచుకొని పడుకొనెను. గడగడ హారతి పాట పాడెడి పిల్ల రెండవ చరణముకడ ఆగి తెల్లమొగము వేసెను. పేరిందేవి దిష్టి తగిలెనని ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి, నీరసము తగ్గునని తొలినీరు ఇంకొక గ్లాసు తాగించెను. అయ్యయ్యో, తన చేతులతోనే తాగించెను గదా!

అంతట గంగాదేవి ఆమెపై కోపింపక, పానా చేత బట్టి కుళాయిలు బాగుచేయు ముదుసలి రూపమున వచ్చి దాహమడిగెను. గంగాదేవి కాదనువారు కథ అయిన పిమ్మట అనవచ్చును. పేరిందేవి తొలినీరు తెచ్చి ఇయ్యగా, ఆ ముదుసలి తాగక, గొట్టమును రూపాయి బిళ్ళతో గీకెను. గీకిన చోట తళుక్కుమనెను.

పేరిందేవి మురిసిపోయి, "చూశావా, మా ఆయన వెండి గొట్టం వేయించారు!" అనెను.

"వెండి కాదమ్మా, సీసం. రాత్రంతా నిలవున్న నీళ్ళలోకి దిగుతుంది. రంగుండదు, రుచుండదు. పసిపిల్లలకి మరీ చేటు. గొట్టం మార్పించు. ఈలోగా మంచి కుళాయి చూసుకుని పిల్లకి నీళ్ళు తెప్పించు, డాక్టరుకి చూపించు" అని ముదుసలి చెప్పి వెడలెను.

భర్త వేయించిన గొట్టము పీకించుటకు పేరిందేవికి మనసొప్పలేదు. ఎవ్వరికిని చెప్పక, ఆ నీటినే కాచి చల్లార్చి ఇచ్చిన చాలుననుకొనెను. పది దినములలో పిల్ల మరింత వాడిపోయెను. ముదుసలి మరల వచ్చి, ఇంటిల్లిపాదియు వినుచుండగా కేకలు వేసెను. "కాస్తే పురుగు చస్తుంది గానీ సీసం చావదే తల్లీ! నీళ్ళు ఇగిరిపోతాయి, అది మిగుల్తుంది."

ఎన్నడును అత్తకెదురు చెప్పని కనకవల్లి కన్నీరు తుడుచుకొని, "అత్తయ్యగారూ, మామయ్యగారే ఉంటే ఏం చేసేవారండీ?" అని మాత్రము అడిగెను.

పేరిందేవి గొట్టమును పట్టుకొని బోరున ఏడ్చెను. "నా నడుం నొప్పే చూడలేని మనిషి, ఈ పిల్ల కడుపు నొప్పి చూస్తారా? పీకించెయ్యండి" అనెను.

కొడుకు నీటిని పరీక్షకు పంపెను, పిల్లకు రక్తపరీక్ష చేయించి వైద్యము మొదలిడెను. రెండింటను సీసమే తేలెను. కొత్త గొట్టము పడువరకు పరీక్షలో మంచివని తేలిన పొరుగింటి నీటినే తెచ్చుకొనిరి. పాత గొట్టమునకు పేరిందేవి చివరిసారి పసుపు రాసి బొట్టు పెట్టి సాగనంపెను. ఆనాటి నుండి వరుస మార్చెను. వీధి గొట్టములలో సీసము మిగిలియుండునేమోనని, తెల్లవారి కుళాయి ధార చేతికి చల్లగా తగులువరకు తొలినీటిని బకెట్టులోనికి వదలి, దానిని కళ్ళాపికే వాడి, పిదప దేవునికిని, పిల్లకును పట్టెను. వేడినీటిలోకి సీసము మరింత దిగునని వంటకు వేడినీటి కుళాయిని ముట్టలేదు. సీసపు నలుసులు చేరు కుళాయి మూతి జల్లెడను నెలకొకసారి కడిగెను. నెలలు గడువగా పిల్ల ముఖము తేటపడెను, ఆకలి పుట్టెను. పాట మాత్రము ఇంకను మెల్లమెల్లగా వచ్చుచున్నది.

కావున పాత ఇండ్లలో ఉండువారు, వాటిలో అద్దెకు దిగువారు, చూలాండ్రు, బాలింతలు, మరి ముఖ్యముగా ప్రేమ ఎక్కువైన నాయనమ్మలు ఈ వ్రతమును తప్పక చేయవలెను. మొదట నీటిని పరీక్షింపవలెను. సీసపు గొట్టము ఎవరు వేయించినదైనను తీయించవలెను. దీనివలన మేడలు, మాన్యములు వచ్చునని మహర్షి చెప్పలేదు. అన్నము వద్దన్న పిల్ల పులిహోర వైపు చూచునని చెప్పెను.

ఆ పిల్ల ఈ బుజ్జియే. ఆ తెలివితక్కువ ముసలిదానను నేనే. అక్షతలు వేసుకొనుడు.

మాణిక్యం, హారతి పాట నువ్వే అందుకోవే నా తల్లీ. రెండో చరణం దగ్గర ఆగినా సరే, మేమందరం ఆగుతాం.