నక్క తేలిక బండి, కోడి లావు టైర్లు

ఆ అడవిలో సైకిలు కొనేవాళ్లు ఎక్కి చూడరు. ఒంటి వేలితో ఎత్తి చూస్తారు. తేలిగ్గా లేస్తే చాలు, "భలే బండి" అంటారు. ఈ అలవాటు నేర్పింది సైకిళ్ల కొట్టు నక్కే.

వాన వదలడం లేదు. వాగు పొంగి కోడిపెట్ట గుమ్మందాకా వచ్చింది. లోపల పొదుగుతున్న గుడ్లు. వాటిని ఎలాగైనా గుట్ట మీది మేకమ్మ పాకకు చేర్చాలి. కోడి తన పాత సైకిలు బయటికి తీసింది.

గొడుగేసుకుని, కొత్త సైకిలు నడిపించుకుంటూ నక్క దిగింది.

"కోడి వదినా, ఈ ఇనప సామానుతో గుట్టెక్కుతావా? నా కొత్త బండి తీసుకో. ఎత్తి చూడు, ఈకంత!"

కోడి ఎత్తింది. నిజంగానే ఈకంత.

"సీటేది బావా?"

"ఆ చెక్కే సీటు. మెత్త పెడితే బరువు కదా!"

"ఈ టైర్లేంటి, దారప్పోగుల్లా?"

"సన్నగా, గట్టిగా ఉంటేనే పరుగు. నువ్వు తొక్కు. నేను వెనకాలే వస్తాలే, గుడ్లకు తోడుగా."

దొంగ చేతికి తాళాలిచ్చినట్టే, అనుకుంది కోడి. పోయినసారి పిల్లలు విడిచిన పెంకొకటి నక్క బండి బుట్టలో పెట్టి, ముంగిట్లో రాళ్ల మీద నడిపించింది. పెంకు పొడిపొడి.

"పైన పటారం, లోన లొటారం" అని తన సైకిలు దగ్గరికే వెళ్లింది. స్టాండు ఊడదీసింది. గంట, మడ్‌గార్డులు, వెనక క్యారేజీ పీకేసింది. లావు టైర్లను, సీటు స్ప్రింగులను ముట్టుకోలేదు. పైగా టైర్లలో గాలి కాస్త వదిలింది. ముందు బుట్టలో గడ్డి పరిచి గుడ్లు సర్దింది.

నక్క పగలబడి నవ్వింది. "గాలి తీస్తే బండి నడుస్తుందా, పిచ్చి వదినా?"

"నడిచినంత నడుస్తుంది. నీది వేగం కదా, ముందు పోయి దారి చూపించు."

మలుపులో కాపు కాస్తే గుడ్లు ఎక్కడికి పోతాయి అనుకుని నక్క తన బండి ఎక్కింది.

తారు రోడ్డు మీద నక్క బాణమే. "సాయంత్రానికైనా వస్తావా వదినా?" అని వెనక్కి అరిచింది.

తారు అయిపోయింది. గుట్టకు ముందుండే కంకర పల్లం మొదలైంది. సీటు పొడిచింది. హ్యాండిలు అదిరి అదిరి వేళ్లు తిమ్మిరెక్కాయి. బ్రేకు నొక్కుదామంటే ఆ వేళ్లు వంగలేదు. నక్కా బండీ కలిసి తుమ్మపొదలో పడ్డాయి.

కోడి రొప్పుతూ వచ్చింది. ఆగలేదు.

"వదినా, లేపవే! నడుం విరిగింది!"

"నాకు పిల్లలున్నారు బావా."

గుట్ట మీది పాకలో మేకమ్మ గడ్డి పరిచింది. కోడి ఒక్కో గుడ్డునూ చెవికి ఆనించుకుంది. లోపల కదలిక. అన్నిటినీ గడ్డిలో సర్ది, రెక్కలు పరిచి వాటి మీద కూర్చుంది.

కింద పొదలోంచి నక్క మూలుగు వినబడుతూనే ఉంది.

బరువు ఎక్కడైనా తగ్గించుకో, బిడ్డ కిందున్న మెత్తదనం మాత్రం తీయకు.