గుడ్ల దొంగ, పసుపు నీళ్లు

సున్నం గానుగ తిప్పే ఎద్దు నందప్పకు కాళ్లు తెలుపు, మనసు అంతకన్నా తెలుపు. అదే దొడ్డిలో చుక్కమ్మ అనే కోడిపెట్ట కాపురం. పక్క తుమ్మపొదలో తిమ్మన్న అనే నక్క. దుంపల విద్య, రాళ్ల విద్య, లోహాల విద్య అన్నీ ఔపోసన పట్టానని చెప్పుకుని దొడ్డికి పెద్దమనిషై కూర్చున్నాడు.

చుక్కమ్మ గుడ్లు రోజుకొకటి మాయమవుతున్నాయి. పంచాయతీ పెడితే, తిమ్మన్న తొట్టెడు పసుపు నీళ్లు కలిపించి, దొంగ కాలు పడితే ఎర్రబడతాయన్నాడు. ముందు తనే ముంచాడు. మేక, గాడిద ముంచాయి. నీళ్లు పచ్చగానే ఉన్నాయి. నందప్ప ముంచాడో లేదో, ఎర్రగా మారిపోయాయి.

గడ్డి తినేవాడికి గుడ్లెందుకని ఒక్కరైనా అడిగారా? ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది వాళ్ల వరస. పొద్దుగూకేలోగా దొడ్డి వదిలి పొమ్మన్నారు. పదేళ్లు తిప్పిన గానుగను వదిలి ఎక్కడికి పోవాలి? నందప్పకు కళ్లనీళ్లు తిరిగాయి. అయినా గొడవపడలేదు. కాలు కడుక్కొని కొత్త పసుపు నీళ్లలో ముంచుతానని బతిమాలాడు. ఈసారి రంగు మారలేదు. తర్వాత గానుగ దగ్గర రాలిన సున్నం చిటికెడు అందులో వేయించాడు. ఎర్రబడ్డాయి.

"అయితే గుడ్లు తిన్నది సున్నమా?" అన్నాడు మెల్లగా.

అందరూ తలలు దించుకున్నారు. పొరపాటైపోయిందంటూ తిమ్మన్న ఇకిలించి జారుకున్నాడు.

చుక్కమ్మ ఎద్దు పక్కకు చేరింది. "మామా, ఈ నీళ్లు దొంగను చూపవు, సున్నాన్ని చూపుతాయి. నాకు ఆ మాత్రం చాలు," అంది.

మర్నాడు గూటి ముందు గడ్డి కింద పొడి సున్నం పరిచింది. మధ్యాహ్నానికి గుడ్డు మాయం. మళ్లీ పంచాయతీ. నందప్ప, చుక్కమ్మ కాళ్లు శుభ్రంగా కడుక్కునే వచ్చారు. ఒక్కొక్కరికీ వేరే చిప్పలో నీళ్లు. అందరివీ పచ్చగానే ఉన్నాయి. నిన్న తన కాలికి ఏమీ కాలేదన్న ధీమాతో తిమ్మన్నా ముంచాడు. చిప్ప ఎర్రబడింది.

"ఈ పరీక్ష తప్పని నిన్న మీరే తేల్చారుగా," అని గింజుకున్నాడు.

"పరీక్ష తప్పు కాదు బావా, నువ్వు చెప్పిన అర్థం తప్పు. నా గూటి ముందున్న సున్నం నీ కాలికెలా అంటింది?" అంది చుక్కమ్మ.

తిమ్మన్న మళ్లీ జారుకోబోయాడు. గాడిద వెనక్కి తిరిగి ఒక్క తాపు తన్నింది. తుమ్మపొద అవతల పడినవాడు మళ్లీ ఆ దొడ్డి మొహం చూడలేదు. నందప్ప ఎప్పటిలాగే పోయి గానుగకు మెడ ఇచ్చాడు.

ఒక్కసారి చూసి నమ్మినవాడు మోసపోతాడు. మార్చి మార్చి చూసినవాడికే నిజం దొరుకుతుంది.