నిదానించిన ల్యాప్‌టాప్, ఉడకని అన్నం

ఏడుకొండలు ఒక వాక్యం టైపు చేసేవాడు. ఆ అక్షరాలు తెర మీదికి వచ్చేసరికి విమలబోధ స్వామి మూడో వాక్యంలో ఉండేవారు.

"ఒక్క క్షణం, స్వామీ."

స్వామి ఆగేవారు. ల్యాప్‌టాప్ తెర మీద చిన్న చక్రం ఒకటి గిరగిరా తిరుగుతూ ఉండేది. అది ఆగేదాకా గురువూ శిష్యుడూ దాన్నే చూస్తూ కూర్చునేవారు. ఆగాక స్వామి, "ఎక్కడున్నాం?" అని అడిగేవారు. అప్పటికి ఆ మాట కాస్తా జారిపోయి ఉండేది. ఎనభై దాటిన మనిషికి ఒకసారి నోటికి వచ్చిన మాట మళ్ళీ అదే రూపంలో రావాలంటే కష్టమే.

గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో అప్పుడు నడుస్తున్న పెద్ద పని అదే. స్వామి తన గురువుగారి దగ్గర విన్న మాటలు గుర్తు తెచ్చుకుని చెప్పడం, ఏడుకొండలు వాటిని ఎక్కించడం. ఆ గురువుగారి ఎదుట కూర్చుని విన్నవాళ్ళలో ఇంకా మిగిలింది స్వామి ఒక్కరే. ఆషాఢ పౌర్ణమికి ఆయన చాతుర్మాస్య దీక్షలో కూర్చుంటారు. నాలుగు నెలలు మౌనం. నిరుడు మౌనం విడిచాక గొంతు పెగలడానికే చాలా రోజులు పట్టింది. ఈసారి పెగులుతుందో లేదోనని ఎవరూ పైకి అనలేదు గానీ అందరి భయమూ అదే. ఆఖరి భాగం పౌర్ణమిలోపు పూర్తి కావాలి. కాకపోతే ఆ మాటలు స్వామితోనే పోతాయి.

పోనీ కాగితం మీద రాసుకోవచ్చు కదా అంటారా? ఏడుకొండలు చేతిరాత ఏడుకొండలుకే అర్థం కాదు. టైపు చేయడంలో మాత్రం అతనికి ఎదురులేదు. ఆశ్రమానికి రాకముందు ఒంగోలు కోర్టు బయట అర్జీలు టైపు చేసి బతికినవాడు. రికార్డు చేద్దామంటే స్వామి ఒప్పుకోలేదు. "మాట ఉంటే చాలు, గొంతు దేనికి?" అన్నారు. కాబట్టి ఎలాగైనా ఆ ల్యాప్‌టాప్‌నే పరిగెత్తించాలి.

అది చీరాల నుంచి వచ్చే భక్తుడొకరు ఇచ్చింది. కొత్తలో బాగానే ఉండేది. ఈ మధ్యే మొరాయించడం మొదలుపెట్టింది. ఏడుకొండలు చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. సరుకుల కోసం అద్దంకి వెళ్ళినప్పుడల్లా నెట్ సెంటర్లో దూరి, ల్యాప్‌టాప్ వేగం పెంచే చిట్కాల వీడియోలు చూసేవాడు. వాళ్ళు చెప్పిన సాఫ్ట్‌వేర్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి ఎక్కించేవాడు. ఒకటి లోపలి చెత్త ఊడుస్తుంది. ఒకటి మెమరీ ఖాళీ చేస్తుంది. ఒకటి వైరస్‌లు పడుతుంది. దాని మీద నమ్మకం చాలక అదే పనికి ఇంకోటి తెచ్చాడు. ఏది ఎక్కించినా ఆ పూటకి కాస్త చురుగ్గా ఉన్నట్టే అనిపించేది. మర్నాటికి మళ్ళీ మొదటికొచ్చేది. అప్పుడు మళ్ళీ అద్దంకి.

ఒక ఉదయం చక్రం ఎంతకీ ఆగలేదు. స్వామి కళ్ళజోడు సవరించుకుని దగ్గరికి జరిగారు. ఆయనకి ఆ యంత్రమంటే ముందునుంచీ కుతూహలం.

"ఇప్పుడు ఏం చేస్తోంది నాయనా అది?"

"ఆలోచిస్తోంది స్వామీ."

"దేని గురించి?"

ఆ ప్రశ్న తనకి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో ఏడుకొండలుకే ఆశ్చర్యమనిపించింది.

"ఆ మూల ముల్లులాంటిది ఊగుతోంది, అదేమిటి?"

"అది వేగం ఎంతుందో చూపిస్తుంది స్వామీ. ఆ పక్కది చెత్త తీస్తోంది. ఇదిగో, ఇదేమో మిగతావన్నీ సరిగ్గా పని చేస్తున్నాయో లేదో చూస్తుంటుంది."

"మరి నేను చెప్పింది రాసుకునేది ఏది?"

"అది..." ఏడుకొండలు తెరంతా వెతికాడు. "దానికింకా వంతు రాలేదు స్వామీ."

స్వామి నవ్వలేదు. తల పంకించి, కాసేపు ఆ ముల్లునే చూశారు. తర్వాత వేరే సంగతి ఎత్తారు.

"ధ్యానం ఎలా సాగుతోంది?"

మూడేళ్ళ కిందట ఏడుకొండలు ఈ ఆశ్రమానికి వచ్చిందే మనసు నిలవడం లేదని. స్వామి అప్పుడు ఒక మంత్రం ఇచ్చి, ఇది చాలు అన్నారు.

"రోజూ కూర్చుంటున్నాను స్వామీ. మంత్రంతో పాటు ఊపిరి లెక్కపెట్టడం కూడా పెట్టుకున్నాను. దీపం మీద చూపు నిలపమని మొన్న కాశీ నుంచి వచ్చినాయన చెప్పాడు, అదీ చేస్తున్నాను. ఒక్కోసారి నిలిచినట్టే ఉంటుంది. నిలిచిందా అని చూసుకునేసరికి..."

"చూసుకునేసరికి?"

"ఉండదు స్వామీ."

స్వామి ఊఁ అన్నారు. లేచి, చేతికర్ర అందుకుని, "రేపు వంట నువ్వు చెయ్యి" అన్నారు.

"స్వామీ, పౌర్ణమి దగ్గరికొచ్చేసింది. రేపు పొద్దున్నపూట పోతే..."

"పప్పు, కూర రవణమ్మ చూసుకుంటుంది. నువ్వు అన్నం ఒక్కటే వండు."

మర్నాడు కట్టెల పొయ్యి మీద గుండిగ పెట్టి, ఎసరు మరిగాక ఏడుకొండలు బియ్యం పోసి మూత వేశాడు. అతని మనసంతా ల్యాప్‌టాప్ దగ్గరే ఉంది. అన్నం ఎంతసేపు, ఇట్టే అయిపోతుంది, ఒక్క పేజీ అయినా ఎక్కించుకోవచ్చు అనుకున్నాడు.

అంతలో తోట చూసే మస్తానయ్య వచ్చాడు. "అన్నం ఉడికిందేమో చూసి రమ్మన్నారు స్వామి" అని మూత తీశాడు. గరిటె పెట్టి అడుగునుంచి తిప్పాడు. ఒక మెతుకు తీసి వేళ్ళ మధ్య నలిపి, "ఇంకా పలుకే" అని చెప్పి వెళ్ళాడు. ఏడుకొండలు మళ్ళీ మూత పెట్టాడు.

తర్వాత పూలు కట్టే అచ్చమ్మ వచ్చింది. ఆమెనీ స్వామే పంపారట. మూత తీసింది, ఆవిరి మొహానికి కొడితే వెనక్కి తగ్గి, "ఇంత మంటయితే మాడదూ?" అని రెండు కట్టెలు బయటికి లాగేసింది.

ఆమె అటు వెళ్ళగానే గోశాల పోలయ్య ఇటు వచ్చాడు. మూత తీశాడు. "మంటే లేదేందయ్యా" అని ఆ రెండు కట్టెలూ లోపలికి తోసి, ఎందుకైనా మంచిదని ఒక చెంబుడు చన్నీళ్ళు పోశాడు. మరుగుతున్నదల్లా చప్పున చల్లబడింది.

పక్క పొయ్యి మీద పప్పు దించేసిన రవణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇన్నేళ్ళుగా వండుతున్నాను. ఈ గుండిగని చూడటానికి ఇంతమంది చుట్టాలు ఎప్పుడూ రాలేదు."

మస్తానయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి మూత సరిగ్గా పడిందో లేదో చూసి రమ్మన్నారట. చూడటానికి మూత తీశాడు.

బయట విస్తళ్ళు వేసేశారు. యాత్రికులు నలుగురు అప్పుడే చేతులు కడుక్కుని కూర్చున్నారు కూడా. ఏడుకొండలుకి పొగకి కళ్ళు మండుతున్నాయి, అంతకంటే ఎక్కువగా ఒళ్ళు మండుతోంది. తన పొద్దున్నపూట పోయింది, అన్నమూ కాలేదు. వచ్చినవాళ్ళలో ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం లేదు, అందుకని ఎవర్నీ ఏమీ అనడానికి లేదు.

చేతికర్ర చప్పుడు వినిపించింది. ఈసారి స్వామే వచ్చారు. నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చి, మూత కోసం చెయ్యి చాపారు.

ఏడుకొండలు రెండు చేతులూ మూత మీద వేసేశాడు. అది కాలుతున్న సంగతి కూడా తెలియలేదు.

"వద్దు స్వామీ. మీరంతా దాన్ని చూడటం మానేస్తే అదే ఉడుకుతుంది."

ఆ మాట అతను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. రవణమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"అలాగా?" అన్నారు స్వామి, ఏదో కొత్త సంగతి తెలిసినట్టు. చెయ్యి వెనక్కి తీసుకుని పీట మీద కూర్చున్నారు. ఏడుకొండలు కూడా కింద కూర్చున్నాడు. ఇక ఎవరూ రాలేదు. కాసేపటికి మూత టకటకలాడింది. మరి కాసేపటికి అన్నం వాసన వంటిల్లంతా కమ్మింది. కొంచెం మెత్తబడింది గానీ అందరూ తిన్నారు.

తింటూ తింటూ ఏడుకొండలు సగంలో ఆగిపోయాడు. ముద్ద చేతిలోనే ఉంది. తర్వాత గబగబా తినేసి, చెయ్యి కడుక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

తను ఎక్కించినవన్నీ ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టాడు. అవి అంత తేలిగ్గా పోలేదు. నన్ను తీసేస్తే ప్రమాదం అని ఒకటి ఎర్రక్షరాల్లో భయపెట్టింది. నిజంగానే తీసేయమంటారా అని ఇంకోటి బతిమాలింది. ఒకదాన్నొకటి దొంగ అనుకుని కాపలా కాసుకుంటున్న ఆ రెండు వైరస్ సాఫ్ట్‌వేర్లూ పోయాయి. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన కాపలా ఎలాగూ ఉంది. ఆఖరికి వేగం చూపే ముల్లు మిగిలింది. దాని దగ్గర చాలాసేపు తటపటాయించాడు. అది లేకపోతే వేగం పెరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? చివరికి దాన్నీ తీసేశాడు.

ఆపి, మళ్ళీ తెరిచాడు. మెరుపులా ఏమీ రాలేదు, పాతబడిన వస్తువు పాతబడినట్టే ఉంది. కానీ టైపు చేస్తే అక్షరం వేలితో పాటే పడింది. ఏడుకొండలు ఊరికే తన పేరు టైపు చేసి చూసుకున్నాడు. పసిపిల్లాడిలా నవ్వొచ్చింది.

ఆ మర్నాటి నుంచి స్వామి చెబుతూ ఉంటే మాట వెంట మాట ఎక్కుతూ పోయింది. పౌర్ణమి ముందు రోజు సాయంత్రం ఆఖరి వాక్యం చెప్పి స్వామి కళ్ళు మూసుకున్నారు. తన గురువుగారి పేరు మెల్లగా ఒకసారి అన్నారు. అది టైపు చేయాలో వద్దో తెలియక ఏడుకొండలు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అతను గుండిగ కథ అందరికీ చెప్పాడు. ల్యాప్‌టాప్ ముట్టుకోకుండానే దాని జబ్బు కనిపెట్టిన గురువు ఇంకెక్కడైనా ఉన్నాడా అన్నాడు. ఆ కిటుకు పట్టుకున్న శిష్యుడి గురించి కూడా ఎవరైనా ఒక మాట అంటే బాగుండునని అతనికి ఉంది. ఎవరూ అనలేదు.

పౌర్ణమి తెల్లవారింది. దీక్షలో కూర్చునే ముందు స్వామికి ఒక్కొక్కరే నమస్కారం చేసుకుంటున్నారు. ఏడుకొండలు వంతు వచ్చింది. కాళ్ళకి మొక్కి లేచి, ఆగలేక అడిగేశాడు.

"స్వామీ, మీరు ల్యాప్‌టాప్ మీద ఏనాడూ చెయ్యి వెయ్యలేదు. దాని జబ్బు మీకెలా తెలిసింది?"

"అది బాగుపడిందా?"

"బ్రహ్మాండంగా పనిచేస్తోంది స్వామీ. మీ దయ."

"మంచిది" అన్నారు స్వామి. "దాని సంగతి నాకేం తెలుసు నాయనా? ఆ అన్నం నీ కోసం వండించాను."

లోపల గంట మోగింది. స్వామి పెదవుల మీద వేలు ఉంచుకుని, చిరునవ్వుతో మౌనంలోకి వెళ్ళిపోయారు.

ఏడుకొండలు ఇంకేదో అడగబోయాడు. మొహం వేడెక్కింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక రవణమ్మ తన వంతు కోసం నిలబడి ఉంది. అతను చేతులు జోడించి పక్కకు తప్పుకున్నాడు.

వెళ్ళి తన చాప మీద ధ్యానానికి కూర్చున్నాడు. దీపం వెలిగించలేదు. చాలాసేపు కూర్చున్నాడు. ఎంతసేపో చూసుకోలేదు.