ఎండని మామిడి ముక్క

పెద్దమ్మగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. అడిగినవాళ్ళ మొహంలోకి ఓసారి చూసి, చేతిలో పని చేసుకుంటూ పోయేవారు. మనం ఆ ప్రశ్నే మరిచిపోయి ఏదో ధ్యాసలో ఉండగా, జవాబు తనంతట తనే ఎదురొచ్చి నిలబడేది.

ఆవిడ అసలు పేరు సుభద్ర. తారురోడ్డు ఆగిపోయి కొండలు మొదలయ్యే చోట చిన్న ఆసుపత్రి పెట్టి, అక్కడే తల నెరిసిపోయిన డాక్టరు. ఆవిడ దగ్గర పని నేర్చుకోవాలని గోదావరి గట్టు మీది ఊరినించి నీలవేణి వచ్చింది. చదువు పూర్తిచేసిన ఏడే తండ్రి పోయాడు. ఆ దిగులు ఇంకా పచ్చిగానే ఉంది. సాయంత్రమయ్యేసరికి కొండల మీంచి నీలంగా మంచు దిగివచ్చి చెట్లనీ, దారినీ, చివరికి తన కిటికీనీ కప్పేస్తుంటే, లోకంలో తనని పేరుపెట్టి పిలిచే మనిషే మిగల్లేదేమో అనిపించేది ఆ పిల్లకి. ఆ ప్రేమంతా తీసుకెళ్ళి రోగుల మీద కుమ్మరించేది. వాళ్ళేమో మంచాల మీద గోడవైపు తిరిగి పడుకునేవారు.

ఆ ఏడు ఉగాది పొద్దున, కొండ మీది ఊళ్ళలో మందులిచ్చి తిరిగొచ్చిన పెద్దమ్మగారు వరండాలో చెప్పులు విడవకముందే నీలవేణి ఎదురెళ్ళింది.

"గురుబారి తినడం మానేసిందమ్మా. మీరు వెళ్ళిన మర్నాటినుంచీ అంతే. మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టదు. ఖాళీ కడుపున మాత్రలు వేస్తే వాంతి. పాలు ఎండిపోయి పసిది గుక్కపట్టి ఏడుస్తోంది. ఇవాళ తీసుకుపోతానంటున్నాడు మొగుడు."

గురుబారి కొండ మీది బాలింత. ఒంట్లో రక్తం లేక, జ్వరం తగ్గక, డోలీలో మోసుకొస్తే వచ్చింది.

"ఆ ఎత్తు ఎక్కితే ఊరు చేరదు," అన్నారు పెద్దమ్మగారు.

"చెప్పానమ్మా! చెంచాతో నోటిదాకా పెట్టాను, బతిమాలాను. ఆ మొగుడు లైకోన్ చేసే అంబలి శుభ్రంగా ఉండదని, అది మాన్పించి మన వంటే పెట్టిస్తున్నాను. ఇంకేం చెయ్యాలి? ఇంత ప్రేమగా చూస్తున్నామే, వీళ్ళు మనల్ని ఎందుకు నమ్మరమ్మా?"

పెద్దమ్మగారు ఆ పిల్ల మొహంలోకి ఓసారి చూశారు. వంటగదిలోకి వెళ్ళి పప్పుగిన్నె మూత తీసి, వాసన చూసి, మళ్ళీ పెట్టేశారు. వంటమ్మ చేసిన ఉగాది పచ్చడి చిన్న గిన్నెలోకి తీసి, తెచ్చి నీలవేణి చేతికిచ్చారు.

"ముందు ఇది తిను."

నీలవేణి గిన్నె పట్టుకోలేదు. "మాకీ ఏడు పండగ లేదమ్మా. నాన్న పోయి ఏడాది తిరగలేదు కదా."

"అమ్మ కదూ. ఒక్క ముద్ద."

"వద్దమ్మా."

"చూడు, ఎలా చిక్కిపోయావో. ఒంట్లో చుక్క రక్తం లేదు. నీ మంచికే చెబుతున్నాను. ఒక్క ముద్ద తింటే కొంపలేం మునిగిపోవు." ఆవిడ చెంచాతో తీసి నోటిదాకా తెచ్చారు.

నీలవేణి మొహం పక్కకి తిప్పేసుకుంది. కళ్ళు నిండిపోయాయి. వేపపువ్వు వాసనకి నాన్న పెరట్లో నిచ్చెనేసుకుని పూత దులపడం, కింద తను పరికిణీ పట్టుకుని నిలబడడం, అంతా ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చింది. ఈవిడకి తెలియదా? ఇంత పెద్దావిడ, ఇలా గుచ్చి గుచ్చి... అనుకుంటూ గోడవైపు తిరిగింది. తిరిగి, గోడ కనబడగానే ఆగిపోయింది. ఆ మాటలు ఎవరివో అప్పుడు గుర్తుకొచ్చింది. నిన్న మధ్యాహ్నం గురుబారితో తనే, ఆ వరసలోనే, ఆ గొంతుతోనే అన్నది.

పెద్దమ్మగారు గిన్నె మీద ఆకు బోర్లించి లోపలికి తీసుకుపోయారు.

వార్డులో గురుబారి మంచం పక్కన నేలమీద కూర్చుంది నీలవేణి. చేతిలో చెంచా లేదు. "నేనూ ఈ పూట పచ్చడి తినలేదు గురుబారీ," అంది. "మా నాన్న చచ్చిపోయాడు. ఆయనది ఏడాది అవ్వాలి. అందాకా మాకు పండగ లేదు."

గోడవైపు ఉన్న తల మెల్లగా ఇటు తిరిగింది.

"తింతే ఏటవుద్ది?" అంది గురుబారి.

"ఏమో. ఏమీ అవదేమో. కానీ తినలేను."

గురుబారి ఆమెని తేరిపార చూసింది. "మా ఊర్ల మావిడికొత్త పండగ అవ్వనేదు," అంది. "ఊరంతా కొత్త పెట్టాల. ఊరి తల్లికి ముందుగ ఇయ్యాల. అప్పుడే మావిడి ముట్టాల. నాను ముందే తింతే ఊరికి సెడుపు. ఈ పిల్లకి సెడుపు."

"పప్పులో మామిడికాయ ఉందని మానేశావా? మరి అన్నం?"

"రెంటికీ గరిటి ఒక్కటే కాదా."

పల్లపు సంతలో కొత్త మామిడికాయలు చూసి, రోగులకి నోరు బాగుంటుందని మురిసిపోతూ తెప్పించింది నీలవేణే.

గుమ్మంలో నిలబడ్డ లైకోన్ పకపకా నవ్వేశాడు, ఏడుపు ఆపుకోవడానికన్నట్టు. "ఇన్ని సూదులు గుచ్చినారు డాక్టరమ్మా! ఏలు గుచ్చినారు, సెయ్యి గుచ్చినారు, రగతం తీసి అద్దంల సూసినారు. మాట అడగనేదు."

"నువ్వైనా చెప్పచ్చు కదయ్యా!"

"సెప్తే నవ్వుతారు కాదా. పోయినసారి నవ్వినారు."

ఆ పూటే వరండా చివర మూడు రాళ్ళు పేర్చారు. నీళ్ళు కాచింది నీలవేణి, కుండ కడిగింది లైకోన్. వేరే గరిటెతో సామన్నం, పోయినేటి కందులతో పప్పు. గురుబారి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే నీలవేణి చూడకుండా కొండలవైపు తిరిగి కూర్చుంది. మాత్రలు కడుపులో నిలిచాయి. జ్వరం దిగింది. పసిదాని ఏడుపు కూనిరాగంలా మారింది.

కొన్నాళ్ళకి ఊళ్ళో మామిడికొత్త అయింది. ఆ డప్పులు ఇంతదూరం వినబడవు. అయినా గురుబారి ఆ రోజంతా చెవి అటే పెట్టుకుని కూర్చుంది. ఎవరో చుట్టం ఆమె వాటా అడ్డాకులో చుట్టి తెచ్చాడు. పసుపు అంటిన మామిడి ముక్కలు. ఒకటి కళ్ళకద్దుకుని తింది. ఇంకోటి నీలవేణి ముందుకి చాచింది.

నీలవేణి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. పండగ ముక్క కదా. వద్దంటే ఈ పిల్ల మళ్ళీ గోడవైపు తిరిగిపోతుందేమో. తింటే నాన్న...

గురుబారి చిన్నగా నవ్వింది. "ఇప్పుడు తినకు," అంది. "ఎండబెట్టి దాసుకో. మీ అయ్యది అయినాక తిను." ముక్కని ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

మర్నాడు వాళ్ళు నడిచే వెళ్ళిపోయారు, పసిదాన్ని వీపున కట్టుకుని, తిరిగి చూడకుండా. మంచం ఖాళీ అయింది. సాయంత్రం యథాప్రకారం మంచు దిగింది. పెద్దమ్మగారు గదిలోకి వచ్చేసరికి నీలవేణి కిటికీ దగ్గర ఒక్కతే ఉంది.

"నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదమ్మా. వాళ్ళు మనల్ని ఎందుకు నమ్మరని."

పెద్దమ్మగారు కిటికీ గట్టు మీద ఆకులో ఉన్న మామిడి ముక్కని వేలితో తిప్పి, రెండోవైపు పైకి పెట్టారు.

"ఇది ఇంకా పచ్చిగానే ఉందే," అన్నారు. "ఎండనీ."