వణకని కారులో గడ్డం

ఒకానొక సంస్థానంలో దొర తన పాత కారుకి దగ్గరుండి గేరుబాక్సు మార్పించాడు. ఆనాటి నుంచి కారు వేగం అందుకుంటే చాలు, గజగజలాడేది.

"గేరుబాక్సు ఎత్తుగా కూర్చుంది బాబూ, చక్రాలు తిప్పే షాఫ్టు వంకరగా తిరుగుతోంది. కాస్త దించితే సరిపోతుంది" అన్నాడు డ్రైవరు నూకయ్య.

"నేను బిగింపించింది వంకరా? వణికేది బండి కాదు, నీ చేతులు!" అని దొర అతన్ని కొరడాతో కొట్టించి, పనిలోంచి తీసేశాడు.

ఆ వాతలు చూసిన మంగలి అప్పలకొండకి ఒళ్లు మండిపోయింది. మర్నాడు దొర పొరుగూళ్లో ఎవరిదో పెళ్లికి బయల్దేరుతూ, గడ్డం గీయడానికి వచ్చిన అతనితో టైము లేదన్నాడు.

"బండి వణకదు కదా బాబూ, దారిలోనే గీసేస్తాను" అంటూ అప్పలకొండ దొర పక్కన ఎక్కాడు. కాదనలేక దొర మెడ చాచాడు.

వీధిలో నెమ్మదిగా పోతుండగా ఒక చెంప అయింది. ఊరు దాటాక కొత్త డ్రైవరు వేగం పెంచాడు. గొంతు మీద కత్తి గజగజలాడింది.

"ఒరేయ్, నీ చెయ్యి వణుకుతోంది!"

"మీ నాన్నగారి గొంతు మీద కూడా వణకని చెయ్యి బాబూ ఇది. ఏది వణుకుతోందో తమరే చెప్పండి." కత్తి మాత్రం గొంతు మీంచి తియ్యలేదు.

"బండే! బండేరా!" అని దొర కేక పెట్టాడు.

అప్పలకొండ కత్తి మడిచాడు. "ఆ మాట నూకయ్య గుమ్మంలో చెప్పండి. వాడొచ్చి గేరుబాక్సు దించాక రెండో చెంప గీస్తాను."

సగం గడ్డంతో పెళ్లికి పోలేక, బండి వెనక్కి తిప్పించి, ఊరంతా చూస్తుండగా దొర నూకయ్య గుమ్మం ముందు దిగాడు.